కడవల కింద బోర్డో

మొన్న నంద్యాలలో డాక్టరు మిత్రుడొకరు, ఫ్రాన్సు నుంచి తెచ్చిన ఎర్రటి బోర్డో వైను నాకూ ఒక గ్లాసు పోశాడు. "ఇది వయసుతో మాగుతుంది" అన్నాడు. వయసొస్తే మోకాళ్లు మూలగడమే గాని మాగడం నాకు తెలియదు. అయినా తెలిసినవాడిలా గ్లాసు తిప్పి, వాసన చూసి, కళ్లు మూసుకున్నాను. ఆళ్లగడ్డలోని మా పెదనాయన ఇల్లు కనబడింది.

పెదనాయన ఇంగ్లీషు మాస్టారు. రాతి విగ్రహం చేయించుకోవడానికి వచ్చిన ఒక ఫ్రెంచి పెద్దాయనకు నాలుగు రోజులు దుబాసీగా తిరిగాడు. వెళ్లేటప్పుడు ఆయన ఒక బోర్డో సీసా చేతిలో పెట్టి, ఇప్పుడు తాగితే నాలుక పట్టేసేంత వగరు, పదిహేనేండ్లు ఆగితే ఆ వగరే మెత్తబడి కమ్మనవుతుందని చెప్పాడట. చీకట్లో, చల్లగా, బిరడా ఎండిపోకుండా పడుకోబెట్టాలి, కదపకూడదు. మా ఎండల్లో చల్లటి చోటంటే వంటింటి మూల, నీళ్ల కడవల కింది తడి ఇసుకే. ప్రభు భోజనంలో గుటకెడు ద్రాక్షరసం తప్ప ఎరగని మనిషి, ఆ ఇసుకలో సీసాను పసిబిడ్డలా పడుకోబెట్టాడు. పెద్దమ్మ మూతి తిప్పింది. "చర్చిలో పెద్దమనిషివి, ఇంట్లో సారాయి పూడ్చిపెడతాండావా?"

సీసా పడుకున్న పద్నాలుగో ఏట పెదనాయన గుండెకు ఆపరేషను అన్నారు. "కత్తి కింద పండుకునే ముందు దాన్ని లేపాలరా. ఒక్క గుక్కన్నా చూడకుండా పోతే మనసొప్పదు" అని నాకు ఫోను చేశాడు. బిరడా తీసే మర సంపాదించి బస్సెక్కాను. వెళ్లగానే, అరకొరగా చదివిన పాండిత్యంతో, పాత వైనుకు అడుగున మడ్డి దిగుతుందనీ, దాన్ని కదిలించకుండా పైతేట మాత్రమే వంచుకోవాలనీ ఉపన్యాసం మొదలుపెట్టాను.

పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

"ఆ మడ్డి నేనెప్పుడో చూసినా నాయనా. అడుగంటి చెడిపోతాదని ఏటా ఊరగాయ జాడీలతో పాటు మిద్దె మీద ఎండకు పెట్టి, బాగా కుదిపి, మళ్లా పండబెడతాంటి. మీ పెదనాయనకు చెప్తే ఒప్పుకోడని చెప్పలా. లేకుంటే ఇన్నేండ్లు నిలుస్తాదా?"

నా ఉపన్యాసం ఆ మడ్డిలోనే కలిసిపోయింది. పెదనాయన ఒక్కసారి నా వైపు చూసి, కానీయమన్నట్టు తల ఊపాడు. బిరడా ముక్కలై వచ్చింది. గ్లాసులోకి దిగినది వానాకాలపు వంకనీళ్ల రంగు. వాసన పులిసిన చింతపండు రసం. నేను పెదవికి తాకించి ఆపేశాను. పెద్దమ్మ కొంగు చేతిలో నలుపుకుంటూ ఆయన నోటివైపే చూస్తోంది. పెదనాయన గ్లాసు ఖాళీ చేశాడు, మడ్డితో సహా.

"ఎట్లుంది?" అంది పెద్దమ్మ.

"నీ చెయ్యి పడిందని తెలుస్తాండాది" అన్నాడు. "ఇంకొంచెం పొయ్యి."

ఆపరేషను బాగానే జరిగింది. ఆ సీసా సంగతి మాత్రం ఆయన మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. పద్నాలుగేండ్ల ఎదురుచూపును ఒక్క మాటతో అవతల పెట్టగల మెత్తదనం మనిషికి ఏ ఏట వస్తుందో, కాలం ఎవరికీ ముందుగా చెప్పి పంపదు.