నీటికుక్కకో కెమెరా

మంచినీళ్ళ ప్లాంటులో పంపులు నడిపే ఆయన్ని అందరూ మోటారు బాబాయి అంటారు. నెమ్మదైన మనిషి. మోటార్ల హోరులో ఎవరి మాటా ఎవరికీ వినపడని గదిలో ఇన్నేళ్ళూ గడిపాడు కాబట్టి, తన మాట ఎవరో వింటారన్న ఆశ ఆయనకి మొదటినుంచీ లేదు. అలాంటివాడు పనిగట్టుకుని ఆఫీసుకి ఫోను చేశాడు. తంటా అక్కడ మొదలైంది.

ప్లాంటు వెనక పాత నీటి తొట్టి ఒకటుంది. వాడకం మానేశాక తుంగ మొలిచి, చేపలు పెరిగి, అదో చిన్న చెరువైపోయింది. దాన్ని ఖాళీ చేసి మట్టితో పూడ్చాలని ఆఫీసులో అనుకున్నారు. బాబాయి ఫోనులో చెప్పిందల్లా ఇంతే: "తొట్టిలో నీటికుక్క ఉందండీ. పిల్లల్ని పెట్టింది. కొన్నాళ్ళు ఆగితే బాగుంటుంది."

నీటికుక్క అంటే కుక్క కాదు. ముంగిసని సాగదీసి నీళ్ళలో వదిలినట్టుంటుంది. చేపలు తింటుంది, ఎవరి జోలికీ రాదు. ఫోనెత్తిన గుమాస్తాకి ముందున్న 'నీటి' వినపడలేదో, వినపడినా ఎందుకులే అనుకున్నాడో గానీ, మర్నాడు పొద్దున్నే కుక్కల్ని పట్టే బండి వచ్చి గేటు ముందు ఆగింది. వలలు పట్టుకుని దిగినవాళ్ళు "కుక్క ఎక్కడ?" అన్నారు. "నీళ్ళలో" అన్నాడు బాబాయి. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని, వచ్చిన శ్రమ వృథా కాకుండా గేటు దగ్గర పడుకున్న కుక్కని పట్టుకుపోయారు. అది వాచ్‌మన్ పెంచుకుంటున్న కుక్క.

ఆ రోజునుంచి వాచ్‌మన్ బాబాయితో మాట్లాడటం మానేశాడు. మిగతావాళ్ళు ఎక్కువ మాట్లాడారు. "ఏం బాబాయ్, పంపుల్లో పిల్లులేమన్నా ఈదుతున్నాయా?" అని కనపడ్డప్పుడల్లా పలకరింపు. అవన్నీ ఆయన దులిపేసుకున్నాడు. ఇంట్లో ఆవిడ కూడా "పందికొక్కయి ఉంటుందిలెండి" అని చేతిలో పని ఆపకుండా అనడం మాత్రం బాగా గుచ్చుకుంది.

ఇంజనీరుగారు మంచివాడే. "మాటల్ని ఫైల్లో పెట్టలేను కదయ్యా. ఒక్క ఫొటో తీసుకురా, పని ఆపించేస్తా" అన్నాడు. బాబాయి సెల్‌ఫోనుతో తీసి చూపించాడు. నీళ్ళ మధ్య నల్లటి చుక్క. ఇంజనీరుగారు దాన్ని దుమ్మనుకుని వేలితో తుడిచాడు.

అందుకని కెమెరా కొనడానికి బయల్దేరారు. ఆవిడ తోడొచ్చింది, ఆవిడ తమ్ముడు పిలవకుండానే వచ్చాడు. అతను ఒకప్పుడు ఫొటో స్టూడియో పెట్టి మూసేసినవాడు కాబట్టి సలహాలకి లోటు లేదు.

"జంతువులన్నాక పెద్ద కెమెరా ఉండాలి బావా. విడిగా లెన్సులు కొనుక్కోవాలి. దూరానికొకటి, దగ్గరికొకటి."

"లెన్సు మార్చేలోపు అది మునిగిపోతుందిరా" అన్నాడు బాబాయి.

షాపతను గాజు బీరువాలోంచి ఇంకో రకం తీసి బల్లమీద పెట్టాడు. "అయితే మీకు బ్రిడ్జి కెమెరా సరిపోతుందండీ."

"మాకు కావలసింది తొట్టి దగ్గరికి. వంతెనకి కాదు" అంది ఆవిడ.

షాపతను నవ్వలేదు. ఆ మాట రోజూ వింటాడు కాబోలు. చిన్న కెమెరాకీ పెద్ద కెమెరాకీ మధ్య వంతెనలాంటిది కాబట్టి ఆ పేరట. లెన్సు ఊడదు, మార్చే పని లేదు. మీట తిప్పితే తాబేలు తలలా బయటికొచ్చి దూరాన్ని దగ్గర చేస్తుంది. అడవిలో జంతువులకీ పనికొస్తుంది, ఇంట్లో పుట్టినరోజులకీ పనికొస్తుంది.

అలాంటివి రెండున్నాయి. మొదటిది చూపు చాలా దూరం సాగేది. బాబాయి షాపు గుమ్మంలో నిలబడి వీధి చివర మేడమీద ఆరేసిన చొక్కా బొత్తాలు చూసి మురిసిపోయాడు. అయితే ఆయన చెయ్యి వణికినప్పుడల్లా చొక్కాతోపాటు మేడ కూడా ఊగింది. రెండోది అంత దూరం పోదు, కానీ లోపల బొమ్మ పడే పలక పెద్దది, మసకవెలుతురులోనూ బాగా పడుతుంది.

"దూరం పోయేదే తీసుకో బావా" అన్నాడు బావమరిది, లెన్సుల సంగతి అప్పుడే మర్చిపోయి.

ఆవిడ మొగుణ్ణి అడిగింది. "అది ఏ వేళప్పుడు బయటికొస్తుందన్నారు?"

"తెలతెలవారుతుండగా."

"చీకట్లో దూరం చూసి ఏం చేసుకుంటాం? ఇది తీసుకుని ఇంకాస్త దగ్గరగా కూచుంటే సరి."

రెండోదే కొన్నారు. ఆవిడ దర్జీ షాపులో కాజాలు కుట్టే మనిషి, చెయ్యి వణకదు. అందుకని కెమెరా ఆవిడ చేతికే వచ్చింది.

మర్నాడు తెల్లవారుజామున ఇద్దరూ తుంగ చాటున చతికిలబడ్డారు. దోమలు విందు చేసుకున్నాయి. ఏమీ రాలేదు. "పందికొక్కు కూడా రాలేదు" అందావిడ. ఆ మర్నాడూ అంతే. మట్టి లారీలు తొట్టి పక్కనే వచ్చి నిలబడ్డాయి, వాటి రొదకే బెదిరిపోయిందేమోనని బాబాయి మనసు మనసులో లేదు.

మూడో నాడు వచ్చింది. నోట్లో పిల్లని కరుచుకుని గట్టెక్కి, కాలవ దాటి, కూలిపోయిన ప్లాంటు గోడ అవతలున్న చేపల గుంటల గట్టుమీద బొరియలో దాన్ని వదిలి, మళ్ళీ ఇంకోదానికోసం వచ్చింది. తల్లి అలా తిరుగుతూనే ఉంది. ఆవిడ కెమెరా కంటికానించి మెల్లగా నొక్కుతూనే ఉంది. ఆఖరి పిల్ల గోడ దాటాక కెమెరా దించి, "అమ్మయ్యో, ఎంత చక్కగా ఉందండీ" అంది. కళ్ళు తుడుచుకుంది. "ఇన్నాళ్ళూ మిమ్మల్ని నమ్మలేదు" అని కూడా అంది. బాబాయి లేచి ఆవిడకి చెయ్యందించాడు.

తొట్టి ఖాళీ చేసే రోజున ఇంజనీరుగారు స్వయంగా వచ్చాడు. పక్కన చేపల గుంటల ఆసామి కూడా ఉన్నాడు, తొట్టిలో చేపలు పట్టుకుపోవడానికి.

"ఇప్పుడైనా ఫొటో ఉంటే చూపించు. ఆపేస్తా" అన్నాడు ఇంజనీరుగారు.

"నిజంగా నీటికుక్కే అయితే నాక్కూడా చెప్పు బాబాయ్" అన్నాడు ఆసామి. "ఎక్కడుందో తెలిస్తే మందు పెట్టేస్తాను. నా చేపలన్నీ మింగేస్తుంది."

కెమెరా ఆవిడ మెడలోనే ఉంది. మీసాలు లెక్కపెట్టుకునేంత స్పష్టంగా నీటికుక్క ఉంది అందులో. దాని వెనక ఆసామి గట్టు కూడా అంతే స్పష్టంగా ఉంది.

"లేదు సార్. నేనే పొరపడ్డాను" అన్నాడు బాబాయి.

వాచ్‌మన్ అటు తిరిగి ఉమ్మేశాడు. ఇంజనీరుగారు ఆవిడ వైపు తిరిగాడు. "మీరైనా చూశారా అమ్మా? ఆ కెమెరా ఎందుకు మరి?"

"మనవరాలి ఫొటోలకండి" అంది ఆవిడ. "ఈయన మాటలు పట్టించుకోకండి. చూపు అసలు ఆనదు. మొన్న సందులో నన్నే చూసి, ఎవరు కావాలమ్మా అని అడిగారు."

అందరూ పగలబడి నవ్వారు. బాబాయి వంగి కవాటం చక్రం తిప్పాడు, తొట్టిలో నీళ్ళు దిగడం మొదలైంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నలుగురి ముందు తన పక్షాన నిలబడి మాట్లాడటం ఆయన వినడం అదే మొదలు.