పొద్దు మునిగే దిక్కు

సముద్రం చూడ్డానికి వెళ్లేముందు నేను ఫోన్లో ఒక పట్టిక తయారు చేశాను. మొత్తం పద్నాలుగు వరుసలు. మొదటిది, "సిరిసిల్ల నుంచి బయలుదేరుట, ఉదయం 4.00". చివరిది, "తిరుగు ప్రయాణం, సాయంత్రం 6.15". దాని పై వరుసలో "సూర్యాస్తమయం, 5.34, సముద్రం ఒడ్డున" అని రాసి పసుపు రంగు వేశాను. మిగతావన్నీ ఆ ఒక్క వరుస కోసం ఉన్నవే.

బాపు, అంటే మా నాన్న, పన్నెండేళ్లుగా గల్ఫ్‌లో పనిచేస్తున్నాడు. అంతకుముందు ఊళ్లోనే మరమగ్గాలు నడిపేవాడు. మా దగ్గర వాటిని సాంచెలంటారు. గల్ఫ్‌లో ఆయన ఉండే క్యాంపుకు సముద్రం దగ్గర. అవ్వ, అంటే మా అమ్మ, నూలు కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చుని, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని ఆయన చెప్పేది వినేది.

"ఎర్రగ పళ్లెం లెక్క ఉంటది. దిగుతది, దిగుతది, అట్లనే నీళ్లల్ల మునుగుతది," అనేవాడు బాపు.

"మునిగేటప్పుడు సుయ్ మంటదా?"

అటువైపు నవ్వు వినిపించేది.

ఈసారి ఆయన సెలవు మీద వచ్చేముందు ఏం తేవాలని అడిగితే అవ్వ, "సెంటు సీసాలు వద్దు, కంబళ్లు వద్దు. నీ పక్కన కూసోని పొద్దు సముద్రంల మునుగుడు చూడాలె. ఒక్కసారి," అంది. రెండు నెలల సెలవు పెళ్లిళ్లకు, ఇంటి పైకప్పు మరమ్మతుకు, అక్క కూతురి జ్వరానికి కరిగిపోయింది. బండి కుదిరేసరికి మూడు రోజులే మిగిలాయి. మూడో రోజు రాత్రి బాపు విమానం ఎక్కాలి.

మా వాడకట్టులోనే ఉండే డ్రైవరన్న తన తుఫాన్ జీపు తెచ్చాడు. మర్నాడు పొద్దున పదింటికి అతనికి కొండగట్టు గుడికి వెళ్లేవాళ్ల గిరాకీ ఉంది. అందుకే రాత్రికి రాత్రే తిరిగి రావాలన్నది షరతు. అవ్వ, బాపు, అక్క, అక్క కూతురైన నా ఆరేళ్ల కోడలు, నేను. అక్క పులిహోర, సకినాలు కట్టింది. అవ్వ మాత్రం పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, జాకెట్ ముక్క తీసుకుంది. సముద్రం ఆమె లెక్కలో గంగమ్మే.

పది గంటల ప్రయాణం తర్వాత చీరాల దాటాం. సరుగుడు తోటల మధ్య రోడ్డు సన్నబడింది. బండి అద్దాల్లోంచి ముందు వాసన వచ్చింది. తర్వాత హోరు. అవ్వ చెవి అటు పెట్టి, "ఎన్ని సాంచెలు నడుస్తున్నయో ఈడ!" అంది. ఆ మాట పూర్తవకముందే చెట్లు అయిపోయి, నీళ్లు కనబడ్డాయి. ఇటు నుంచి అటు చివరి దాకా నీళ్లే.

బండి ఆగకముందే కోడలు తలుపు తీయబోయింది. అక్క పిల్ల చెయ్యి పట్టుకుని లాగబోయి, తనే ముందు దూకింది.

నేను మానేరు డ్యాం చూశాను, కడెం చూశాను, వర్షాకాలంలో గోదావరి చూశాను. వాటిలో దేనికైనా అవతలి ఒడ్డు ఉంటుంది, లేకపోతే ఉందని తెలుస్తూ ఉంటుంది. ఇక్కడ చూపు పోయి పోయి ఆకాశానికి తగిలి ఆగింది. సివిల్ డిప్లొమా చదివి కాలువ పనుల్లో కొలతలు తీసేవాణ్ణి కదా, ఎక్కడికి వెళ్లినా కంటితోనే దూరం అంచనా వేయడం అలవాటు. ఆ రోజు అంచనా వేయడానికి ఒక్క గుర్తు కూడా దొరకలేదు.

అవ్వ చెప్పులు దూరంగా విడిచి, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని వెళ్లి, వంగి దోసెడు నీళ్లు నెత్తిన చల్లుకుంది. పసుపు, కుంకుమ వేసింది. కొబ్బరికాయ కొట్టడానికి రాయి వెతికితే అంతా ఇసుకే. బాపు బండి జాకీ తెచ్చి దాని మీద కొట్టించాడు. అవ్వ సాగనంపిన కొబ్బరి చెక్కను అల మళ్లీ ఆమె పాదాల దగ్గరికే తెచ్చి వదిలింది. రెండోసారీ అంతే.

"తీసుకుంటలేదేంది?" అంది అవ్వ కంగారుగా.

"ప్రసాదం పెడుతుందే. తిను," అన్నాడు బాపు.

కోడలు ఒక వేలు ముంచి నాకి, "మామా! ఉప్పు ఎవరు పోసిండ్రు?" అని అరిచింది. తర్వాత ఆ పిల్లను నీళ్లలోంచి తీయడం ఎవరివల్లా కాలేదు. నా పట్టికలో స్నానానికి గంటన్నర ఇచ్చాను. రెండున్నర గంటలు పట్టింది. ఉప్పుమడులు చూడటం పోయింది. వలలు ఎండేసిన చోట పడవలు మాత్రం చూశాం. ఒక పడవ అంచు మీద కోడల్ని కూర్చోబెట్టి ఫొటో తీశాం. ఇక ఒక్క వరుస మిగిలింది.

ఐదు కాగానే అందరినీ తెచ్చి ఇసుక మీద దుప్పటి పరిచి కూర్చోబెట్టాను. బాపు పక్కన అవ్వ. ఆమె ముఖం కడుక్కుని, బొట్టు దిద్దుకుని, సముద్రం వైపు తిరిగి కూర్చుంది. "అగో, గా మూలకెల్లి దిగుతది చూడు," అన్నాడు బాపు వేలు చూపిస్తూ. నేను ఫోన్లో వీడియో సిద్ధం చేశాను. ఐదు ఇరవై. ఐదున్నర. మా ఎదుట ఆకాశం నీలంగా, కాస్త బూడిదరంగుగా మారింది. ఎరుపన్నది లేదు. సూర్యుడూ లేడు.

"మబ్బు పట్టిందేమో," అన్నాను. మబ్బు కూడా లేదు.

బజ్జీల బుట్టతో ఒకావిడ వచ్చి మా ముందు నిలబడింది. మమ్మల్నీ, నా ఫోన్‌నూ మార్చి మార్చి చూసింది.

"ఏవమ్మా, దేనికోసం చూస్తున్నారు?"

"పొద్దు మునిగేదానికి," అంది అవ్వ.

"పొద్దు మీ వీపు వెనకాల కుంకుతుంటే ఇటు తిరిగి కూర్చున్నారేంటండీ! ఈ సముద్రంలో పొద్దు పొడుస్తుంది గానీ కుంకదు."

అందరం ఒకేసారి వెనక్కి తిరిగాం. సరుగుడు చెట్ల సందుల్లో ఎర్రగా ఒక ముక్క. ఎవరో చెట్లకు అవతల చలిమంట వేసినట్టు. చూస్తుండగానే అదీ పోయింది. సమయం సరిగ్గా ఐదు ముప్పై నాలుగు.

బాపు చూసిన సముద్రం పడమర వైపుది. ఇది తూర్పు తీరం. ఫోన్ నాకు సమయం చెప్పింది. దిక్కు నేను అడగలేదు.

అక్క పగలబడి నవ్వింది. "ఊరందరి ఇండ్ల పునాదులకు నువ్వే దిక్కులు చూసి ముగ్గు పోస్తివి. సూర్యునికి ఏ దిక్కో ఎరుకలేకపాయెనా?"

డ్రైవరన్న కూడా నవ్వాడు. నవ్వనిది బాపు ఒక్కడే. ఇసుకలోకి చూస్తూ, "పోదాం పాండ్రి. చీకటైతది," అన్నాడు.

"ఆగు. పన్నెండేండ్ల సంది చెప్తివి. గక్కడ మునిగేది నిజమేనా?" అంది అవ్వ.

"నిజమే."

"రోజూ చూస్తుంటివి గదా?"

బాపు దుప్పటి మీది ఇసుక దులిపాడు. "రోజూ ఏడికెల్లి? పొద్దు పొడవకముందే బస్సెక్కుతం, చీకటి పడ్డంక దిగుతం. రెండుసార్లు చూసిన. పండుగ సెలవులల్ల. అదే నీకు మళ్ల మళ్ల చెప్పిన."

అక్క నవ్వు ఆగిపోయింది. నేను ఫోన్ జేబులో పెట్టుకున్నాను. అవ్వ కోప్పడుతుందనుకున్నాను. ఆమె ఆయన ముఖంలోకి వంగి చూసి, "మరి పొడిసేది? సముద్రంలకెల్లి పొడిసేది ఎన్నడన్న చూసినవా?" అంది.

"లేదు."

"నేనూ చూడలే. ఇద్దరం కొత్తగనే చూద్దాం. నేనైతే ఇయ్యాల రాను." దుప్పటి మీద కాళ్లు చాపుకుంది.

డ్రైవరన్న నెత్తి గోక్కున్నాడు. "చిన్నమ్మా, రేపు పదింటికి కొండగట్టోళ్లు ఎదురుచూస్తరు. వాళ్లకేం చెప్పాలె?"

"ఎల్లుండి ఈయన పోతడు బిడ్డా. మళ్ల వచ్చేది రెండేండ్లకు. కొండ యాడికి పోతది?"

బాపు లేచి, "తమ్మీ, నువ్వు పరేషాన్ కాకు, ఇప్పుడే పోదాం," అన్నాడు. డ్రైవరన్న ఆయన వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు. కొంచెం పక్కకు వెళ్లి ఫోన్ చేశాడు. "ఏ బామ్మర్దీ, రేపు నీ బండి ఖాళీయేనా? జర కొండగట్టు పోయి రారా... ఏం లేదురా, ఈడ మాకు సూర్యుడు అడ్డం పడ్డడు." తిరిగొచ్చి బాపుతో, "కాకా, రేపు పొద్దుగాల మాత్రం లేవకపోతే నేను ఊరుకోను," అన్నాడు. కోడలు ఇసుకలో గంతులేసింది. బజ్జీలావిడ తన చెల్లెలింటి మీద యాత్రికులకిచ్చే రెండు గదులు చూపించింది.

మర్నాడు ఆరింటికే ఒడ్డుకు వచ్చాం. చలి. సూర్యోదయం 6.25 అని చూసుకున్నాను. ఈసారి దిక్కు కూడా దిక్సూచి పెట్టి మూడుసార్లు చూసుకున్నాను. నీళ్ల అంచు మీద పల్చటి మంచు తెర. ఆరు ఇరవై ఐదు అయింది. ఏమీ లేదు. ఇరవై ఏడు. అవ్వ అడగలేదు గానీ ఒకసారి నా వైపు చూసింది. ఇరవై తొమ్మిది. ఇంకో రోజు లేదు.

"ఇగో!" అన్నాడు బాపు. ముందు చూసింది ఆయనే. అవ్వ మోచేయి పట్టుకుని ఊపేస్తూ, "ఇగో, ఇగో, గిటు చూడు, గిటు!"

తెర వెనక ఎర్రటి గీత. గీత కాస్తా గోరంతయింది, తర్వాత సగం గాజు. ఒక క్షణం నీళ్లకు అతుక్కుని సాగినట్టుండి, తెగి పైకి లేచింది. దాని కింది నుంచి మా కాళ్ల దాకా నీళ్ల మీద ఎర్రటి దారి. చేపల పడవ ఒకటి ఆ దారిని అడ్డంగా దాటి పోయింది. అక్క చప్పట్లు కొట్టింది. నేనూ ఏదో అరిచాను. ఏమరిచానో గుర్తులేదు. వీడియో తీయడం మాత్రం మరిచిపోయాను.

అవ్వ చేతులు జోడించి, దించి, మళ్లీ జోడించింది. బాపు నోరు తెరుచుకుని చూస్తున్నాడు, మొదటిసారి సముద్రం చూసినవాడిలా.

అల వచ్చి ఇద్దరి మోకాళ్లూ తడిపి పోయింది. ఇద్దరూ పక్కకు జరగలేదు.

"గిప్పుడు గక్కడ గల్ఫ్‌ల టైం ఎంతైంది?" అడిగింది అవ్వ.

"ఐదు. ఇంకా చీకటే. బస్సు కోసం లైన్ల నిలవడే టైం."

"అయితే గిది ఈడికెల్లే ఆడికి పోతది?"

"ఆఁ."

"గక్కడ ఎటుకెల్లి పొడుస్తది? ఇసుకలకెల్లా, బిల్డింగులల్లకెల్లా?"

బాపు ఆలోచించాడు. "నాకు ఎరుకలేదు. ఎన్నడు చూడలే."

"చూసి చెప్పు," అంది అవ్వ, తడిసిన కుచ్చిళ్లు పిండుకుంటూ.