దువ్వెన, అద్దం, పౌడర్ డబ్బా

మా స్టూడియో మాస్టారు పోయారని బుధవారం పొద్దున్న ఫోనొచ్చింది. నేను విజయవాడ చేరేలోపే ఫోన్ నిండా సంతాపాలు. "పేదల కన్నీళ్ళను కెమెరాలో బంధించిన మహనీయుడు" అని ఎవరో రాశారు. చదివి ఒళ్ళు మండిపోయింది. ఆయన ఒక్క కన్నీటి బొట్టు ఫొటో కూడా తీయలేదు. ఎదుటివాళ్ళు ఏడిస్తే కెమెరా సంచిలో పెట్టేసి, పక్కన కూర్చునేవారు.

ఇల్లు గడవడానికి ఆయన కోచింగ్ కాలేజీ పిల్లలకి పాస్‌పోర్టు ఫొటోలు తీసేవారు. ఆదివారాలు మాత్రం తిండి చాలని ఇళ్ళకి, వాళ్ళ ఫొటోలు తీయడానికి వెళ్ళేవారు. పని నేర్చుకుంటున్న నేనూ వెంట వెళ్ళేదాన్ని. ఏ ఇంటికైనా మొదటిసారి కెమెరా తీసుకెళ్ళకూడదు. రెండోసారి కెమెరాతో పాటు స్టూడియోలోని దువ్వెన, చేతి అద్దం, పౌడర్ డబ్బా కూడా సంచిలో ఉండాలి. అవెందుకు మాస్టారూ అని నవ్వాను.

"ఆకలేసినవాళ్ళు తల దువ్వుకోకూడదని ఎక్కడైనా రాసుందా అమ్మాయ్?" అన్నారు.

మొదటి ప్రింట్ ఆ ఇంటికే వెళ్ళాలి. వాళ్ళు వద్దంటే వాళ్ళ ముందే చింపెయ్యాలి. ఎంత మంచి ఫొటో అయినా సరే.

ఈ పద్ధతి ఒకసారి నేనే తప్పాను. మంగళగిరిలో ఒక నేత ఇల్లు. మూడు వారాలుగా మగ్గం మీదికి పడుగు నూలు రాలేదు, నేత పని లేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతోంది, అందులో పోయడానికి బియ్యం లేవు. పొయ్యి వెలిగిందని ఇరుగుపొరుగు అనుకోవాలని ఆ ఇంటావిడ ఉత్త నీళ్ళు కాస్తోంది. ఆవిడ వంగి మూత తీస్తుంటే, అడక్కుండా గుమ్మంలోంచి కెమెరా నొక్కేశాను. ఒక పత్రికవాళ్ళు చూసి, కవర్ మీద వేస్తామన్నారు. నేను గాల్లో తేలిపోయాను.

మాస్టారు తిట్టలేదు. మర్నాడే నన్ను మళ్ళీ ఆ ఇంటికి తీసుకెళ్ళి, "నువ్వే చూపించు" అన్నారు. ఆవిడ చూసింది. మొహం మాడిపోయింది.

"ఇది బయటికొస్తే మా వీధిలో నేను తలెత్తుకోలేనండి. ఇన్నాళ్ళూ దాచుకొచ్చాను" అంది.

సిగ్గుతో చచ్చిపోయాను. అక్కడే ప్రింట్ చింపి, కెమెరాలోంచీ చెరిపేశాను. పత్రికవాళ్ళు ఫోన్ చేస్తే మాస్టారు, "ఆవిడ వద్దంది. అంతేనండీ" అని పెట్టేశారు. వాళ్ళు మళ్ళీ మా స్టూడియో మొహం చూడలేదు. ఆయన లెక్కచెయ్యలేదు.

మేం లేచేటప్పుడు ఆవిడే ఆపింది. "నన్ను తియ్యండి మాస్టారూ. ఆ ఖాళీ మగ్గం దగ్గర. అడిగినవాళ్ళకి నా నోటితో నేనే చెప్తాను."

మాస్టారు దువ్వెన ఇచ్చారు. ఆవిడ తల దువ్వుకుంటున్నంతసేపూ అద్దం ఆయనే పట్టుకున్నారు. ఫొటోలో ఆవిడ సూటిగా చూస్తుంది. కింద రాసింది ఆవిడ మాటే: "నేను నేసిన చీరలు ఊళ్ళో కట్టుకుంటున్నారు. ఈ వారం మా ఇంట్లో ఒంటిపూట తిన్నాం. ఎందుకో కనుక్కోండి." తర్వాత మాస్టారు పెట్టిన ఎగ్జిబిషన్లో ఆ ఫొటో ముందు జాలిపడినవాళ్ళు నాకు కనిపించలేదు. చాలామంది తల దించుకున్నారు.

మాస్టారి కబురు తెలిసిన ఆ బుధవారం, ఆ నేతావిడ బస్సెక్కి ఆయన ఇంటికి వచ్చింది. అప్పుడే ఎవరో పెద్దమనిషి ఫొటో తీయడానికి ఫోన్ పట్టుకుని, ఐస్ బాక్సులోని ఆయన మొహం మీదికి వంగాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"అడిగారా?"

"పోయినాయన్ని ఏం అడుగుతామమ్మా?"

"ఆయన భార్య ఉన్నారుగా. ఆవిడ్ని అడగండి."

ఆ పెద్దమనిషి గతుక్కుమని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మూల కూర్చున్న మాస్టారి భార్య అప్పుడు తలెత్తింది. "నువ్వు తియ్యమ్మాయ్" అంది నాతో. "ముందు ఆయన తల దువ్వాలి."

స్టూడియో సంచి తెచ్చాను. ఐస్ బాక్సు మూత తీయించి, మాస్టారి భార్య ఆయన తెల్లజుట్టు నెమ్మదిగా దువ్వింది. నేతావిడ పక్కనే నిలబడి, ఆనాడు ఆయన తనకి పట్టినట్టే, ఆయన మొహానికెదురుగా అద్దం పట్టుకుంది.