స్త్రీల కూటంలో నా కడుపు సంగతి

పదో తరగతి అయిపోయినా నేను పెద్దమనిషిని కాలేదు. ఆళ్లగడ్డలో మా వీధి ఆడవాళ్ళకు వేరే పనే లేనట్టు, కనబడినప్పుడల్లా "ఏమ్మే, నీ కూతురు ఇంగా కాల్యా?" అని అమ్మను అడిగేవాళ్ళు. వాళ్ళ నోళ్ళు పడిపోను! ఆ పోరు పడలేక, ఎనభైల మొదట్లో ఒక వేసవిలో అమ్మ నన్ను నంద్యాలకు డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరమ్మ తెర వెనక పరీక్ష చేసి, చేతులు కడుక్కుంటూ, "నువ్వు బయట కూచోపో పాపా, మీయమ్మతో మాట్లాడాల" అంది. ఒళ్ళు నాది, మాటలేమో అమ్మతో! బయట బల్ల మీద తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను.

అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ వచ్చింది.

"ఏమనిందిమా?"

"ఏం ల్యా. రత్తం తక్కువంట. బెల్లం తినమనింది."

బస్టాండులో అడగకుండానే గోలీసోడా కొనిచ్చింది. ఎంత ఏడ్చినా కొనని మనిషి! అప్పుడే నాకు భయం పట్టుకుంది. మా ఊరి మీదుగా పోయే చాగలమర్రి బస్సులో కిటికీ పక్క సీటు కూడా నాకే ఇచ్చింది.

ఆ శుక్రవారం మా వీధి స్త్రీల ప్రార్థన కూటం మా ఇంట్లోనే. ఎవరి కష్టం వాళ్ళు ముందుగా పాస్టరు గారి భార్యకు చెప్పుకుంటే, ఆమె అందరి తరఫునా పైకి ప్రార్థించడం మా సంఘంలో అలవాటు. ఒకామె మోకాళ్ళ నొప్పులు, ఇంకొకామె మొగుడి తాగుడు అయ్యాయి. నేను చాప చివర కళ్ళు మూసుకుని ఉన్నాను.

"ప్రభువా, ఈ ఇంటి బిడ్డకు పుట్టుకతోనే గర్భసంచి లేదని డాక్టరమ్మ చెప్పింది. నీకు అసాధ్యమేముంది తండ్రీ..."

నా కడుపులో ఏం లేదో నాకు తెలిసింది అలాగ, వీధి వీధంతా వింటుండగా. అలవాటు కొద్దీ చివర నా నోరు కూడా ఆమేన్ అంది. అమ్మ వెక్కి వెక్కి ఏడుస్తుంటే అందరూ చుట్టూ చేరి వీపు నిమిరారు. నా దగ్గరికి ఎవరూ రాలేదు. అంతమంది మధ్య అంత ఒంటరిగా నేను మళ్ళీ ఎప్పుడూ లేను.

వాళ్ళు పోయాక చాప చుడుతూ అడిగాను. "నాకు ముందు చెప్పగూడదామా?"

"నీకు చెప్పేకి నోరు రాల్యామ్మా. దేవునికన్నా చెప్పుకుందామని..."

"దేవునికి చెప్పుకో. వాళ్ళకెందుకు చెప్తివి?"

మర్నాడు బిందె తీసుకుని కొళాయి దగ్గరికి పోయాను. ఆడవాళ్ళు మాటలాపి నాకు దారి ఇచ్చారు. ఆనాటి నుంచి "ఇంగా కాల్యా?" అని ఎవరూ అడగలేదు. ఒక్కరైనా అడిగితే బాగుండునని నాకు ఎన్నాళ్ళో అనిపించింది.