జనరల్ మేనేజరు గారి కడుపునొప్పి

ముప్పై ఒక్క ఏళ్ల ఉద్యోగంలో జనార్దన్ గారికి మామూలు రోజున ఒక్కసారి కూడా కడుపునొప్పి రాలేదు. వచ్చిందంటే ఆ రోజు కంపెనీలో ఏదో కొంప మునిగే పని ఉన్నట్టే. మామూలు రోజుల్లో ఆ కడుపులో ఉగ్గాని మీద పద్నాలుగు మిరపకాయ బజ్జీలు పడినా కిక్కురుమనేది కాదు. పెద్ద ఆఫీసర్లు వస్తున్నారనో, కొత్త మిషను దిగుతోందనో తెలిసిందా, ఉదయం ఎనిమిదిన్నరకు ఠంచనుగా మొదలయ్యేది. సాయంత్రం ఆఫీసర్లు కారెక్కిన నిమిషానికి మందూ మాకూ లేకుండా తగ్గిపోయేది.

ఆయన పనిచేసింది ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు వెళ్లే దారిలో ఉన్న డ్రిప్పు పైపుల కంపెనీలో. ఆయన చేరిన రోజున అది ఒక రేకుల షెడ్డు, ఒక మిషను, పదకొండు మంది మనుషులు. దిగిపోయే నాటికి నాలుగు షెడ్లు, పులివెందులలో ఒక బ్రాంచి, నాలుగు వందల మంది. ఇంత పెరిగిన కంపెనీలో ఏ పెద్ద రోజునా మేనేజరు గారు కనపడలేదంటే ఎవరైనా నవ్విపోతారు. ఆయన భార్య లక్ష్మీదేవమ్మకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నొప్పులన్నీ ఆమె వంట నెత్తినే పడ్డాయి మరి.

మొదటి నొప్పి అలసంద వడలది. విజయవాడ నుంచి పైపుల నాణ్యత చూసేందుకు ఆఫీసర్లు వచ్చే రోజు. అప్పట్లో విమల పైపుల పరీక్షల గదిలో చిన్న ఉద్యోగి. ఆమె అవునంటే పక్కనున్నవాళ్లకు కూడా వినపడేది కాదు. అలాంటి పిల్లకు పొద్దున్నే ఫోను చేశాడాయన.

"విమలమ్మా, నాకు కడుపునొప్పిగా ఉంది. నిన్న మా ఇంట్లో అలసంద వడలు. ఆఫీసర్లకు నువ్వే చూపించు."

"నేనా సార్? నాకు భయం సార్!"

"భయమైతే నీళ్లు తాగు. నాకు ఆ నీళ్లు కూడా పడ్డం లేదు."

ఫోను పెట్టేశాడు. పెట్టేసి వంటింట్లోకి వచ్చి నాలుగో దోసె వేయమన్నాడు.

ఆ రోజు ఒక ఆఫీసరు, పైపు ఎంత ఒత్తిడికి పగులుతుందో విమల చెప్పిన అంకెను నమ్మలేదట. "దూరం జరగండి సార్" అందట విమల. ఆమె గొంతు వినపడలేదో, వినదలుచుకోలేదో, ఆయన జరగలేదు. ఆమె ఒత్తిడి పెంచింది. సరిగ్గా చెప్పిన అంకె దగ్గరే పైపు పగిలి ఆఫీసరుకు తలస్నానమైంది. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, సంతకం పెట్టి వెళ్లాడు. మర్నాటి నుంచి విమల గొంతు గేటు దాకా వినపడేది.

రెండో నొప్పి పెసరపప్పుది. పులివెందుల అరటి రైతులు నలభై మంది, పైపుల్లో నీళ్లు రావడం లేదని కోపంగా ఉన్నారు. వాళ్లకు సమాధానం చెప్పాల్సిన రోజున మేనేజరు గారు పొట్ట పట్టుకున్నాడు. ఇక మిగిలింది సరుకు తోలుకుపోయిన లారీ డ్రైవరు యోబు. పాపం, అతను దింపుకుని వచ్చేద్దామనుకున్నాడు. రైతులు లారీ తాళం లాక్కున్నారు.

"మీ మేనేజరు యాడ?"

"ఆయనకు పెసరపప్పు పడలేదప్పా."

"పెసరపప్పు పడకపోవడమేందప్పా? పసిబిడ్డకు గూడా పడ్తాదే!"

వేరే దారిలేక యోబు వాళ్ల తోటల్లోకి నడిచాడు. మొదటి తోటలో ఫిల్టరు విప్పితే, కొన్నరోజు నుంచి దాన్ని ఎవరూ కడగలేదని తెలిసింది. అందులో రెండు కప్పలు సంసారం చేసుకుంటున్నాయి. యోబు ఆ దంపతులను కాలవలో దింపి, ఫిల్టరు ఎలా కడగాలో నలభై మందికీ చూపించాడు. ఇప్పుడు పులివెందుల బ్రాంచి మేనేజరు అతనే.

ఫిట్టరు వలి బాషా కొత్త మిషను ఒంటి చేత్తో నిలబెట్టింది వంకాయ పుణ్యమా అని. ఇలా ఒక్కో కూరకు ఒక్కో మనిషి ఎదిగాడు. బెండకాయ వల్ల స్టోరు బాగుపడింది. గోంగూర వల్ల మూడో షెడ్డు లేచింది.

లక్ష్మీదేవమ్మకు ఇవేవీ తెలియవు. ఆమె పుట్టిల్లు జమ్మలమడుగు. వాళ్లమ్మ కాల్చే బొబ్బట్ల కోసం, అదే ఓళిగల కోసం, చుట్టాలు పనిలేకపోయినా వచ్చేవాళ్లు. ఆ చెయ్యే తనకు వచ్చిందని ఆమె నమ్మకం. చదువు నాలుగో తరగతి, సభల్లో మాట రాదు, నగల మీద మోజు లేదు. ఆమెకంటూ ఉన్న పేరు ఆ వంట ఒక్కటే. అలాంటిది ఒకరోజు వలి బాషా భార్య షబీనా మెల్లగా వచ్చి గడప మీద కూర్చుంది.

"అక్కా, కోపం చేసుకోవద్దు. ఒక మాట చెప్తా."

"చెప్పు."

"మీ వంట తింటే మనిషి లేవడంట. కంపెనీ అంతా అనుకుంటాండారు. మొన్న మీరు పంపిన ఓళిగలు మా ఆయన బీరువా మింద పెట్నాడు."

"ఎందుకు?"

"పిల్లోళ్లకు అందకుండా."

లక్ష్మీదేవమ్మ ఆ పూట అన్నం తినలేదు. ఇంటికి వచ్చిన కంపెనీ మనుషులంతా ఇన్నేళ్లుగా "ఇప్పుడే తిన్యామమ్మా" అని మంచినీళ్లు కూడా అనుమానంగా తాగి వెళ్లడం ఒక్కొక్కటే గుర్తుకొచ్చింది.

తర్వాతి నొప్పి కోసం ఆమె కాచుకుంది. నెల తిరక్కుండానే వచ్చింది. ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో చదువుకుని కొత్తగా చేరిన ఇంజనీరు అమూల్య, పొరుగు రాష్ట్రం నుంచి వచ్చే పెద్ద కొనుగోలుదారులకు ఫ్యాక్టరీ చూపించాల్సిన రోజు. జనార్దన్ గారు ఫోనులో మూలుగుతూ "కాకరకాయ పాపా, కాకరకాయ" అన్నాడు. ఫోను పెట్టి, హెల్మెట్టు తగిలించుకుని, టిఫిన్ బాక్సు తీసుకుని, హుషారుగా స్కూటరెక్కాడు. లక్ష్మీదేవమ్మ వెనకే ఆటో ఎక్కింది.

స్కూటరు ఆసుపత్రి వైపు పోలేదు. తిన్నగా కంపెనీ దాకా పోయి, గేటుకు ఎదురుగా ఉన్న పంక్చరు కొట్టు దగ్గర ఆగింది. ఆమె దిగి చూసేసరికి జనరల్ మేనేజరు గారు పాత టైర్ల గుట్ట వెనక, ముక్కాలి పీట మీద, హెల్మెట్టు తీయకుండా కూర్చుని ఉన్నాడు. ఒళ్లో కంపెనీ ఫైలు. ఒక చేతిలో ఫోను, రెండో చేతి గోళ్లు నోట్లో.

"ఏందండీ, టైర్ల మధ్య కూచుంటే కడుపునొప్పి తగ్గుతాదా?"

ఆయన ఉలిక్కిపడి ఆమెను కూడా టైర్ల వెనక్కి లాగాడు. "మెల్లగా మాట్లాడు దేవీ! ఆ పాప చూసిందంటే పనంతా చెడిపోతాది."

"ఏం పని? ఈడ దాక్కోవడమా?"

"నేను లోపలుంటే ఏమైతాది? వచ్చినోళ్లు నన్నే అడుగుతారు. నేనే చెప్తా. ఆ పాప ఫైలు పట్టుకోని నా ఎనక నిలబడ్తాది. ఇరవై ఏండ్లయినా ఎనకే నిలబడ్తాది."

"ఇంట్లో పడుకోవచ్చు గదా మరి?"

"ఏమన్నా తేడా వస్తే? రెండు నిమిషాల్లో లోపలుంటా. నొప్పి తగ్గిందని చెప్తా."

"ఇంతవరకు ఎన్నిసార్లు పోయినారు లోపలికి?"

"ఒక్కసారి గూడా అక్కర్లేకపోయింది" అన్నాడాయన, కొంచెం చిన్నబుచ్చుకుని.

లక్ష్మీదేవమ్మకు కోపం సగం దిగింది. మిగతా సగం మాత్రం గట్టిగానే ఉంది. "అయితే మధ్యలో నా వంటేం చేసింది?"

"జరమంటే ఇంటికొచ్చి చెయ్యి పట్టి చూస్తారు. తలనొప్పంటే మాత్రలు పంపిస్తారు. కడుపునొప్పంటే ఎవురూ దగ్గరికి రారు. నిన్న ఏం తిన్నావని అడుగుతారు, అంతే."

"అడిగితే?"

"తిన్నదే చెప్తా. నాకు అబద్ధం చేతగాదు గదా."

అదే సమయానికి గేటులోంచి అమూల్య, కొనుగోలుదారులు నవ్వుకుంటూ బయటికి వచ్చారు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ టైర్ల వెనక వంగారు. వంగిన చోటి నుంచే ఆయన బతిమాలాడు. "ఎవరికీ చెప్పొద్దు దేవీ. బయట నేను కాపలా ఉన్నానంటే వాళ్ల ధైర్యం పోతాది. ఒంటరిగా నిలబడి గెల్చినామని గదా వాళ్లు తల ఎత్తుకోని తిరుగుతాండేది."

నా పేరు పోయినా ఫర్వాలేదన్నమాట! అని మనసులో అనుకుంది గానీ, ఆమె ఎవరికీ చెప్పలేదు. ఆపైన నొప్పి వచ్చినప్పుడల్లా టిఫిన్ బాక్సులో పంక్చరు కొట్టతనికి కూడా పెరుగన్నం కట్టేది. అలా తొమ్మిదేళ్లు గడిచాయి.

ఆ కంపెనీలో ఒక ఆచారం ఉంది. రిటైరయ్యేవాళ్ల ఇంటి నుంచే ఆ రోజు అందరికీ భోజనం. జనార్దన్ గారి వంతు వచ్చింది. లక్ష్మీదేవమ్మకు ఇది ఆఖరి అవకాశం. ఈ ఒక్క పూట వాళ్లు తింటే తన పేరు తనకు దక్కుతుంది. తినకపోతే ఇంకెప్పుడూ దక్కదు. వంటవాళ్లను పెట్టుకుందామన్నా ఒప్పుకోలేదు. షబీనాను, పక్కింటి రమణమ్మను సాయం పిలుచుకుని పులిహోర కలిపింది, వడలు వేసింది. వెయ్యి ఓళిగలు కాల్చింది.

భోజనాల వేళ నాలుగు వందల మందీ వచ్చారు. జేబుల్లో అరుగుదల మాత్రలు పెట్టుకుని వచ్చారు. ఒకరిద్దరి చేతుల్లో ఓఆర్ఎస్ పొట్లాలు కూడా కనపడ్డాయి. విస్తళ్ల ముందు కూర్చున్నారు గానీ చేతులు కదలడం లేదు.

"నాకు ఉపవాసం అమ్మా" అన్నాడు యోబు.

"బుధవారం నాడేం ఉపవాసమప్పా?"

"మా పాస్టరు గారు కొత్తగా పెట్నాడమ్మా."

వలి బాషా ఇంకా నిజాయితీపరుడు. "నాకు ఓళిగ ముక్క పెట్టమ్మా, చాలు. రేపు డ్యూటీ ఉంది."

లక్ష్మీదేవమ్మ చేతిలో పళ్లెం బరువెక్కింది. వేదిక మీద నుంచి జనార్దన్ గారు అది చూశాడు. అప్పుడే విమల మాట్లాడుతోంది. ఆయన కుర్చీలోకి వస్తున్నది ఆమే.

"ఆ రోజు సార్‌కు నొప్పి రాకపోయింటే నేను ఇంకా పరీక్షల గదిలోనే ఉందును. నా వెనక ఎవరూ లేరు. ఒక్కదాన్నే నిలబడ్డా. ఆ దినం నుంచి నాకు భయమంటే ఏందో తెలీదు" అంది. చప్పట్లు మోగాయి.

జనార్దన్ గారు లేచి మైకు అందుకున్నాడు. "ఈ రోజు ఒక నిజం చెప్పాల. మా ఇంట్లో వంటకూ, నా కడుపుకూ..." అని ఆగాడు.

ఆయన ఏం చెప్పబోతున్నాడో లక్ష్మీదేవమ్మకు అర్థమైంది. ఇన్నేళ్లూ ఆమె ఎదురు చూసిన మాట అదే. ఆమె కళ్లు విమల మీదికి పోయాయి. ఇంకా చప్పట్ల సంతోషం ఆరని ఆ ముఖం చూసింది. పళ్లెం కింద పెట్టింది. సభలో ఎన్నడూ నోరు విప్పని మనిషి, మైకు అక్కర్లేకుండా మాట్లాడింది.

"నిజమేనప్పా! నా చేతి వంట ఆయనకు పడదు. నా వంట బలమైంది, ఆయన కడుపు అర్భకం. మీరు మిషన్లు లేపినోళ్లు, ఆఫీసర్లను తడిపినోళ్లు. ఓళిగకు భయపడ్తాండారా?"

నాలుగు వందల మందీ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంత మాట పడ్డాక వలి బాషా రోషంగా ఓళిగ తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. కళ్లు మూసుకున్నాడు. "యా అల్లా! దీన్నా నేను బీరువా మింద పెట్టింది?" అన్నాడు. ఐదు తిన్నాడు. యోబు ఉపవాసం రెండు నిమిషాలు నిలిచింది. అరగంటలో వెయ్యి ఓళిగలు అయిపోయాయి. తర్వాత వాళ్లంతా ఎవరికీ ఏమీ కాలేదే అని ఒకరినొకరు చూసుకుని, ఒక నిర్ణయానికి వచ్చారు. ఆ నిర్ణయాన్ని కొత్త జనరల్ మేనేజరు విమల మైకులో చదివింది.

"అమ్మా, తప్పు మీ వంటది కాదు. సార్ కడుపులోనే ఏదో ఉంది. ముప్పై ఏండ్ల నుంచి ఉంది. ఇట్లా వదిలేస్తే ఎట్ల? రేపే కడపకు తోలుకోనిపోయి గొట్టం వేసి చూపిస్తాం. ఇది నా మొదటి ఆర్డరు."

"నాకేం లేదప్పా!" అని అరిచాడు జనార్దన్ గారు.

"రోగమున్నోళ్లు అట్లే అంటారు సార్" అన్నాడు వలి బాషా జాలిగా.

మర్నాడు ఉదయం ఏడింటికి కారు వాకిట్లో ఉంది. స్టీరింగు దగ్గర యోబు, వెనక దిండు సర్దుతూ వలి బాషా, ఫైలు పట్టుకుని విమల. జనార్దన్ గారు తలుపు చాటున భార్య కొంగు పట్టుకున్నాడు.

"దేవీ, గొంతులో గొట్టం వేస్తారంట. ఇప్పుడన్నా చెప్పేద్దామా?"

"చెప్పండి. విమల ఆడుంది. మీరే పోయి చెప్పండి."

ఆయన విమల వైపు చూశాడు. ఆమె ఎవరో డాక్టరును ఫోనులో గద్దిస్తోంది: "ఎనిమిదిన్నరకు చూస్తామన్నారు, ఎనిమిదిన్నరకే చూడాల!" ఆ గొంతు వీధి చివరి దాకా వినపడుతోంది. ఆయన ముఖంలో భయం మెల్లగా పోయి, ఏదో గర్వం లాంటిది వచ్చింది. కొంగు వదిలి కారెక్కాడు.

"నిన్న పొద్దుమునిగినప్పటి నుంచి ఏమీ పెట్టలేదప్పా, డాక్టరు చెప్పినట్టే!" అని లక్ష్మీదేవమ్మ గట్టిగా కేకేసింది.

కారు మలుపు తిరిగింది. ఆమె లోపలికి వచ్చి, ఇంటి మటుకు దాచిన రెండు ఓళిగలు పళ్లెంలో పెట్టుకుని, నెయ్యి ధారాళంగా వేసుకుని, నింపాదిగా తింది. చాలా బాగున్నాయి.