చేతి తప్పుకు పూచీ

ధర్మవరంలో పట్టుకు రంగులు వేసేవాళ్ళలో కుళ్ళాయప్ప చెయ్యి మంచిదని పేరు. ఆ పేరు వల్ల అతనికి ఒరిగింది తక్కువ, మీద పడింది ఎక్కువ. చెయ్యి మంచిదంటే ఖరీదైన సరుకు తెచ్చి ఆ చేతిలోనే పెడతారు. ఖరీదైన సరుకు ఇంట్లో ఉన్నవాడికి తిన్నది ఒంటబట్టదు.

సరుకు అతనిది కాదు, సావుకారి వెంకటప్పది. వెంకటప్ప పచ్చిపట్టు దారాన్ని చిలపలుగా చుట్టి, కట్టలు కట్టి ఇస్తాడు. కుళ్ళాయప్ప వాటిని ఉడకబెట్టి, జిగురు తీసి, రాగి కాగులో రంగు పట్టించి, ఆరబెట్టి తిరిగి ఇస్తాడు. ఈ మధ్యలో పట్టుకు ఏమైనా జరిగితే నష్టం రంగులు వేసినవాడిదే. అంతవరకు ఎక్కడైనా ఉన్నదే. కానీ వెంకటప్ప ఇంట్లో వాళ్ళ నాయన కాలం నుంచి వస్తున్న కట్టుబాటు ఇంకొకటి ఉంది. రంగులు వేసేవాడు తన తరఫున ఒక మనిషిని పూచీ చూపించాలి. సరుకు చెడితే ఆ పూచీ పడ్డ మనిషి వచ్చి, నష్టం తీరేదాకా సావుకారి మగ్గాల కొట్టంలో కూర్చుని పని చెయ్యాలి.

"తప్పు చేసినోణ్ణి కూర్చోబెట్టొచ్చు గదా" అని ఎవరైనా అడిగితే వెంకటప్ప నవ్వేవాడు.

"వాణ్ణి కూర్చోబెడితే రంగులెవరేస్తారప్పా?"

న్యాయం సంగతి దేవుడెరుగు, ఆయన లాభం మాత్రం ఎటు పోయినా ఆయన ఇంటికే వచ్చేది.

కుళ్ళాయప్పకు పూచీ పడ్డది బామ్మర్ది తిమ్మప్ప, భార్య లక్ష్మక్కకు తమ్ముడు. పెనుకొండ కొండ కింద పల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి. తెల్లారి గొర్రెల వెంట కొండెక్కితే పొద్దుగూకి దిగేవాడు. పగటిపూట ఇంటి కప్పు కింద అతన్ని చూసినవాళ్ళు లేరు. పూచీ పడమని బావ అడగడానికి మొహమాటపడుతుంటే అతనే నవ్వి, "నీ చెయ్యి నాకు తెలీదా బావా, యాడికి రావాల చెప్పు" అని బయల్దేరి వచ్చాడు.

వానలు మొహం చాటేసిన ఏడు చిత్రావతి ఏట్లో చెలమలు ఎండిపోయాయి. ఇసుకలో ఎంత లోతు తవ్వినా తడి తప్ప నీళ్ళు లేవు. రంగుకు ఆ చెలమల నీళ్ళే కావాలి, మెత్తటి నీళ్ళు. సావుకారి ఆగనన్నాడు. పెళ్ళి ముహూర్తాలూ ఆగవు. కుళ్ళాయప్ప బావి నీళ్ళతో కాగు ఎక్కించాడు. ఆ నీళ్ళు చవుడు. కుంకుమ రంగు పట్టు మీద ఒకచోట ముద్దగానూ ఒకచోట వెలిసినట్టుగానూ పడింది. ఎన్నిసార్లు ముంచినా ఆ మచ్చలు పోలేదు.

తిమ్మప్ప గొర్రెల్ని భార్య మారక్కకు అప్పజెప్పి వచ్చి మగ్గం పక్కన కూర్చున్నాడు. అతనికి నేత రాదు. నేసేవాడి పక్కన కూర్చుని అంచు దారాలు లాగి పట్టుకోవడం అతని పని. అది పిల్లలకు ఇచ్చే పని. అంత పొడుగు మనిషి, మీసాలున్న మనిషి, ఆ చీకటి కొట్టంలో కాళ్ళు ముడుచుకుని దారం లాగుతుంటే మగ్గాలవాళ్ళు మొదట్లో నవ్వారు. తర్వాత నవ్వడానికి వాళ్ళకే సిగ్గేసింది.

కుళ్ళాయప్ప సంగటి తీసుకుని పోతే తిమ్మప్ప ముద్ద విరుచుకుంటూ అనేవాడు, "ఈడ ఎండ లేదులే బావా. సల్లగా ఉండాది."

తిట్టి ఉంటే కుళ్ళాయప్పకు కాస్త ఊపిరాడేది. ఆ మంచి మాట వినలేక ఖాళీ గిన్నె తీసుకుని గబగబా బయటికొచ్చేవాడు.

రంగులు మానేస్తే, దారం లాగిన కూలితోనే అంత నష్టం తీరే దారి లేదు, తిమ్మప్ప ఆ మగ్గం పక్కనే ముసలివాడవుతాడు. రంగులు వేస్తూ పోతే ఇంకో తప్పు జరగదని నమ్మకం లేదు, జరిగితే తిమ్మప్ప ఇంకా కూర్చోవాలి. కుళ్ళాయప్ప బతుకు అడకత్తెరలో పోకచెక్క అయింది.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దు, రంగు వేసిన పట్టు ఇవ్వడానికి పోతే, సావుకారి అరుగు మీద కోటు తొడుక్కున్న మనిషొకడు కూర్చుని ఉన్నాడు. పేరు చెన్నకేశవులు. హిందూపురంలో బెల్లం మండీలకు, చింతపండు గోదాములకు బీమా రాసే ఏజెంటు. మనుషుల ప్రాణాల బీమా అప్పటికే సర్కారు చేతికి పోయింది. సరుకుకు, నిప్పుకు ఇంకా కంపెనీలే ఉండేవి.

"మీ సరుకు పాడైతే మా కంపెనీ పూచీ, సావుకారీ" అంటున్నాడు ఏజెంటు.

"మాకు మనుషుల పూచీ ఉండాది. కంపెనీతో ఏం పని" అని వెంకటప్ప రెండు మాటల్లో పంపేశాడు.

ఏజెంటు గొడుగు తీసుకుని పోయాడు గానీ, కంపెనీ పూచీ అన్న మాట కుళ్ళాయప్ప చెవిలో ఉండిపోయింది. కంపెనీకి కాళ్ళు లేవు, ముడుచుకోవాల్సిన పని లేదు. గొర్రెలు లేవు, ఎవరికీ అప్పజెప్పాల్సిన పని లేదు. అట్లాంటి పూచీ దొరికితే ఎవరి తమ్ముడూ ఎవరి మగ్గం పక్కనా కూర్చోనక్కర్లేదు.

లక్ష్మక్కతో చెప్పి, ఆమె విప్పి ఇచ్చిన కడియాలు తీసుకుని హిందూపురం రైలెక్కాడు. దారిలో పెనుకొండ వచ్చింది. కొండ వాలులో గొర్రెలు కనిపించాయి, వెనక కర్ర పట్టుకుని ఒక ఆడమనిషి. మారక్కో, ఇంకెవరో, అంత దూరం నుంచి తెలియదు. కుళ్ళాయప్ప మాత్రం కిటికీ పక్క నుంచి లోపలికి జరిగి కూర్చున్నాడు.

చెన్నకేశవులు గది ఒక మండీ మీద ఉంది. కింద నుంచి బెల్లం వాసన వస్తోంది. ఏజెంటు మర్యాదగా కూర్చోబెట్టి, నిప్పుకు ఒక రకం, దొంగతనానికి ఒక రకం, లారీ బోల్తా పడితే ఒక రకం అని ఒక్కొక్కటి విడమరిచి చెప్పాడు. కుళ్ళాయప్ప అన్నీ విన్నాడు.

"నా చెయ్యి తప్పు చేస్తే ఏ రకం, సామీ?"

చెన్నకేశవులు వక్క నమలడం ఆపాడు.

"చేతి తప్పుకా? బొంబాయిలో పెద్ద డాక్టర్లకు అట్లాంటిదేదో రాస్తారని విన్నా. రంగులేసేటోళ్ళకు రాసినట్ల నేనైతే సూళ్ళేదప్పా."

"ఎంత దుడ్లు కట్టినా?"

"దుడ్ల మాట కాదు. నిప్పు పడిందంటే కంపెనీ వచ్చి బూడిద చూస్తాది. నీ చెయ్యి తప్పు చేసిందో, నీళ్ళు తప్పు చేసినాయో ఎట్ల చూస్తాది?" వక్క బుగ్గన పెట్టుకుని మళ్ళీ అన్నాడు, "నా మాటిని నిప్పుది తీసుకో. నీది బోదగడ్డి కొట్టమంటివి, కింద పొయ్యి. ఆ భయం లేదా నీకు?"

ఆ భయం కుళ్ళాయప్పకు ఎన్నడూ లేదు. పొయ్యి అతని మాట వింటుంది. వినంది చెయ్యే. అయినా ఇంతదూరం వచ్చి వట్టి చేతులతో పోవడానికి మనసొప్పలేదు. కంపెనీ ముద్ర ఉన్న కాగితం ఒకటి ఇంట్లో ఉంటే మంచిదేమో అనిపించింది. దేనికి మంచిదో ఆ గదిలో అతను తనకే చెప్పుకోలేదు. ఆ కడియాలు అమ్మి నిప్పు పాలసీ తీసుకున్నాడు.

ఆ కాగితం ఇంగ్లీషులో ఉంది. దాన్ని చూపించినప్పుడు వెంకటప్ప ముద్రను వేలితో తడిమి చూశాడు. ఇంగ్లీషు ఆయనకూ రాదు.

"అయితే కంపెనీ పూచీ పడిందంటావు?"

"పడింది సావుకారీ."

దేనికని ఆయన అడగలేదు. దేనికో ఇతను చెప్పలేదు. ఏజెంటు అరుగు మీద చెప్పిన మాట ఆయనకు గుర్తుంది, సరుకు పాడైతే అని. ఏ రకంగా పాడైతే అన్నది ఆయన అప్పుడు వినిపించుకోలేదు. కంపెనీ ఉన్నాక పాత నష్టం కుళ్ళాయప్ప కూలిలో కొంచెం కొంచెం కోసుకుంటానన్నాడు. తిమ్మప్పను లేవమన్నాడు.

తిమ్మప్ప లేచాడు గానీ మోకాళ్ళు వెంటనే చాపుకోలేకపోయాడు. గుంజ పట్టుకుని నిలబడి, వీధిలోకి వచ్చి, ఎండకు కళ్ళు చిట్లించాడు.

"మంచి పని చేసినావు బావా" అన్నాడు.

కుళ్ళాయప్ప అతన్ని రైలెక్కించి వచ్చి అన్నం తినకుండా పడుకున్నాడు. బామ్మర్ది బయటపడ్డాడన్న సంతోషం నిజమే. తాను ఇంకో గోతిలో దిగానన్నదీ నిజమే. ఆ సంగతి లక్ష్మక్కకు కూడా చెప్పలేదు. కక్కలేక మింగలేక అంటారే, అదీ అతని పరిస్థితి.

ఇక కాగు ముందు కూర్చుంటే చాలు, ఒంట్లో వణుకు మొదలయ్యేది. ఇంతకుముందు తప్పు జరిగితే ఏమవుతుందో తెలుసు. ఇప్పుడు తప్పు జరిగితే అబద్ధం కూడా బయటపడుతుంది. చిలపల్ని కర్రలకు తగిలించి కాగులో ముంచాక, ఆపకుండా తిప్పుతూ ఉండాలే గానీ మధ్యలో పైకెత్తి చూడకూడదు. ఎత్తితే గాలి తగిలిన చోట రంగు ఒక రకంగా, మునిగిన చోట ఒక రకంగా పట్టి చారలు తేలుతాయి. ఆ సంగతి కుళ్ళాయప్ప ఎందరికో చెప్పాడు. చెప్పినవాడే ఇప్పుడు ఉండబట్టలేక ఎత్తి చూసేవాడు. రంగు వెలవలేదు గదా అని ఒకసారి, మచ్చ పడలేదు గదా అని ఒకసారి.

కదిరిలో ఒక పెళ్ళికి వంకాయ రంగు పట్టు కావాలన్నారు. చెలమల్లో నీళ్ళున్నాయి. రంగు మంచిది. పొయ్యి మంట సరిగ్గా ఉంది. అన్నీ ఉన్నాయి గానీ, కుళ్ళాయప్ప భయంతో ఎత్తి చూసీ చూసీ ఆ పట్టు నిండా చారలు తేల్చాడు. ఈసారి నీళ్ళ మీద నెట్టడానికి లేదు. అచ్చంగా అతని చేతి తప్పు.

మిట్టమధ్యాహ్నం. లక్ష్మక్క ఏటికి నీళ్ళకు పోయింది. గాలి బాగా వీస్తోంది. పొయ్యిలో ఎర్రగా మండుతున్న కొరివి, నెత్తిన ఎండిన బోద కప్పు. కుళ్ళాయప్ప కొరివి చేతిలోకి తీసుకున్నాడు. నిప్పుకైతే పూచీ ఉంది. కంపెనీ వచ్చి బూడిద చూసి పోతుంది. అబద్ధమూ ఆ బూడిదలోనే పోతుంది.

అప్పుడు కాగు వంక చూశాడు. పట్టు ఇంకా నీళ్ళలోనే ఉంది. నీళ్ళలో ఉన్నది కాలదు. కాలాలంటే ముందు పిండి ఆరబెట్టాలి. ఆరబెట్టాలంటే వీధిలో దండెం మీద వెయ్యాలి. వేస్తే ఆ చారలు వీధి వీధంతా చూస్తుంది. తగలబెట్టడానికి కూడా వీల్లేని పట్టు అది. కుళ్ళాయప్పకు నవ్వొచ్చింది. గోడ అవతల యల్లక్క అవ్వ తన కోడిపెట్టను తిడుతోంది. ఆమె కప్పు, ఇతని కప్పు ఒకదానికొకటి ఆనుకునే ఉన్నాయి. పట్టు సంగతి తట్టాక గానీ ఈ సంగతి తట్టనందుకు కుళ్ళాయప్పకు తన మీద తనకే భయమేసింది. కొరివి పొయ్యిలో పెట్టి, నీళ్ళు చల్లి ఆర్పేసి, అక్కడే కూర్చుని ఏడ్చాడు.

సాయంత్రం ఆ చారల పట్టు భుజాన వేసుకుని పోయి వెంకటప్ప ముందు పరిచాడు. కంపెనీ నిప్పుకు మాత్రమే పూచీ పడిందని, ఆ సంగతి మొదటి నుంచీ తనకు తెలుసని చెప్పాడు.

వెంకటప్ప అరవలేదు. అరిచే అవసరం లేనివాళ్ళు అరవరు.

"నిప్పుకు కంపెనీ ఉండనీలే, అదీ మంచిదే. ఏటేటా కట్టుకుంటా పో. చేతికి మనిషిని తీసుకొని రా."

"నేనే కూర్చుంటా సావుకారీ."

"నువ్వు కూర్చుంటే రంగులెవరేస్తారప్పా?"

"మనిషి లేడు."

"మనిషి లేకుంటే పట్టు లేదు. ఊళ్ళో ఎవురూ ఇయ్యరు, నేను చెప్తా గదా."

కడియాలు పోసి కొన్న కంపెనీ పూచీ సావుకారి చేతిలో అదనంగా ఇంకో కట్టుబాటు అయింది, అంతే. ఇంటికి వచ్చి కుళ్ళాయప్ప భార్యకు మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. పెనుకొండకు కబురు పంపవద్దన్నాడు. లక్ష్మక్క చాట ముందేసుకుని రాగుల్లో రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

"నా తమ్ముణ్ణి పిలవమని నేను చెప్పను" అంది చివరికి. "వద్దని కూడా చెప్పలేకుండా ఉండా."

పొయ్యి వెలగని రోజులు గడిచాయి, కాగు కిందదీ, వంటింటిదీ. ఇంకొక్కసారి కాళ్ళు పట్టుకుని చూద్దామని కుళ్ళాయప్ప సావుకారి ఇంటికి పోయాడు. మగ్గాల కొట్టం దాటుతుండగా లోపల పాత చోట, కంబళి మడిచి కింద వేసుకుని, కాళ్ళు ముడుచుకుని తిమ్మప్ప కనిపించాడు. చేతిలో అంచు దారాలు ఉన్నాయి. ధర్మవరం సంతకు పొట్టేళ్ళు తోలుకొచ్చిన పల్లెవాళ్ళు విన్నది పోయి చెప్పారట. చెప్పిన పొద్దే బయల్దేరాడట.

కుళ్ళాయప్ప గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"కంపెనీ రాలేదా బావా?"

"అది నిప్పుకే వస్తాది, తిమ్మప్పా."

తిమ్మప్ప తల ఊపాడు. నేసేవాడు సైగ చేస్తే దారం లాగి పట్టుకున్నాడు.

"పోనీలే. నేను దేనికైనా వస్తా."

ఆ సాయంత్రమే వెంకటప్ప కొత్త చిలపలు కట్టి ఇచ్చాడు. కుళ్ళాయప్ప కాగు ఎక్కించి, పట్టు ముంచి, ఒక్కసారి కూడా ఎత్తి చూడకుండా చివరి దాకా తిప్పాడు. రంగు ఎక్కడా చార లేకుండా పట్టింది. చెయ్యి కొంచెం కూడా వణకలేదు. తప్పు జరిగితే మొయ్యడానికి తిమ్మప్ప ఉన్నాడన్న ధైర్యంతోనే అది వణకలేదని తెలిసి, కుళ్ళాయప్పకు ఆ చేతిని చూస్తేనే అసహ్యం వేసింది.