పదకొండేళ్ళు నిప్పంటుకోని ఉద్యోగం

కట్టుబడి జరుగుతున్న ఆ ఆరంతస్తుల భవనంలో అందరికీ ఊపిరి సలపనంత పని, ఒక్క బకెట్ బాబాయికి తప్ప. ఆయన పని కూర్చోవడం. వెల్డింగు మొదలవగానే పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఓ చేతి దగ్గర నీళ్ళ బకెట్, ఇంకో చేతి దగ్గర ఇసుక బకెట్, కాళ్ళ ముందు మంటలార్పే ఎర్ర సిలిండర్ పెట్టుకుని, నిప్పురవ్వలు ఎక్కడ పడుతున్నాయో చూస్తూ కూర్చోవాలి. వెల్డరు పని ముగించి వెళ్ళిపోయాక కూడా ఇంకో గంట అక్కడే ఉండాలి. రవ్వ అనేది దొంగలాంటిది, జనం కదిలాకే పనిలోకి దిగుతుంది. ఈ ముక్క చెబితే నవ్వనివాళ్ళు ఆ సైటులో లేరు.

అందరికన్నా ఎక్కువ నవ్వేది వెల్డరు. అతను బాబాయికి స్వయానా బావమరిది. "మా బావది రాజయోగం. కూర్చునే ఉద్యోగం చేసేది ఇద్దరే, రాజుగారూ, మా బావా" అని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు.

బాబాయి ఇవేవీ పట్టించుకునేవాడు కాదు. ఆయన దగ్గర ఓ రిజిస్టరు ఉంది. అందులో 'జరిగిన అగ్నిప్రమాదాలు' అనే గడి, ఎన్ని సైట్లు మారినా, పదకొండేళ్ళుగా ఖాళీ. ఆ ఖాళీ గడిని చూసుకుని ఆయన పొంగిపోయినంతగా నిండు బీరువా చూసుకుని ఎవరూ పొంగిపోయి ఉండరు.

ఆ గడే ఆయన కొంప ముంచింది. కొత్తగా వచ్చిన ఇంజనీరు కుర్రవాడు, టై కట్టుకునే రకం, ఓ శుక్రవారం రిజిస్టరు తిరగేశాడు.

"ఇప్పటిదాకా ఎన్ని మంటలు ఆర్పారు?"

"ఒక్కటి కూడా లేదు సార్" అన్నాడు బాబాయి ఛాతీ విరుచుకుని.

"మంటలే రానప్పుడు మీరెందుకండీ?"

మంట రాలేదంటే తాను ఉండబట్టే రాలేదని బాబాయి ఎలా రుజువు చేస్తాడు? గొడుగు పట్టుకున్నవాడు తడవలేదు కాబట్టి గొడుగు దండగ అన్నాడట వెనకటికొకడు. సోమవారం నుంచి గోడౌన్‌కి వెళ్ళి వంగిన మేకులు సాపు చేయమన్నాడు ఇంజనీరు. అక్కడికి పంపినవాళ్ళు రెండు నెలల్లో ఇంటికి పోతారని సైటులో గోడలకి కూడా తెలుసు. ఆ రాత్రి బాబాయి ఇంట్లో ఈ సంగతి చెప్పాడు.

"ఒక్క చిన్న మంట రానిస్తే మీ సొమ్మేం పోతుందండీ?" అంది భార్య. "పెద్దది వద్దు. పిడికెడు. ఆ అబ్బాయి కంట్లో పడేంత."

"నోరు ముయ్యి! నిప్పుతో వేళాకోళమా?" అని కసురుకున్నాడు. కసురుకున్నాడే గానీ ఆ మాట చెవిలోంచి పోలేదు.

శనివారం పని మూడో అంతస్తులో. నేలలోంచి కిందికి దిగే పైపుకి బిగింపులు వెల్డింగు చేయాలి. పైపు చుట్టూ ఉన్న కంతను ప్లంబరు సిమెంటుతో నున్నగా పూసి ఉంచాడు. బాబాయి వంగి చూసి, సరే కానివ్వమన్నాడు. ఒంటిగంటకి పని అయింది, జనమంతా భోజనాలకి దిగిపోయారు.

"రా బావా, రవ్వలు కూడా భోజనానికెళ్ళాయి" అన్నాడు బావమరిది.

"నీ కడుపు నిండితే రవ్వలు ఆరిపోవురా. నువ్వెళ్ళు."

ఇరవై నిమిషాలయ్యాక కమురు వాసన తగిలింది. బాబాయి నలువైపులా చూశాడు. ఏమీ లేదు. పైపు దగ్గరికి వెళ్ళి వంగితే, సిమెంటు పూతలో వెంట్రుకంత బీట, అందులోంచి సన్నటి పొగ. వేలితో పొడిస్తే పూత అప్పడంలా విరిగింది. లోపల సిమెంటు లేదు. ప్లంబరు మహానుభావుడు ఖాళీ సిమెంటు సంచులు కుక్కి, పైన పైన పూత పూసి, చేతులు దులుపుకున్నాడు. నిప్పు ఆ సంచుల్ని కాల్చుకుంటూ కిందికి దారి చూసుకుంది. పదకొండేళ్ళ కాపలాదారు పూతని నమ్మి మోసపోయాడు, పైగా కింద గదిలోకి ఒక్కసారి కూడా తొంగి చూడలేదు.

నీళ్ళ బకెట్ ఓ చేత్తో, సిలిండర్ ఓ చేత్తో పట్టుకుని, మోకాళ్ళని తిట్టుకుంటూ మెట్లు దిగాడు. ఆ గదిలో కొత్త తలుపులు థర్మోకోల్ చుట్టి వరసగా నిలబెట్టి ఉన్నాయి. వరస చివర, గోడ పక్కన పైపు దిగే చోట, ఓ థర్మోకోల్ ముక్క అంటుకుంది. సరిగ్గా పిడికెడు మంట.

బాబాయి కాళ్ళు ఆగిపోయాయి. పైకి, ఐదో అంతస్తులోని ఆఫీసుకి పోయి ఇంజనీర్ని చెయ్యి పట్టుకుని తీసుకొస్తే? ఇదిగో సార్, నేనెందుకో చూడండి అంటే? ఆ ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది, రెండు క్షణాలు నిలబడింది కూడా. తర్వాత ఆయనకి తన మీద తనకే ఒళ్ళు మండి బకెట్ ఎత్తి కుమ్మరించాడు. కసి తీరక సిలిండర్ పిన్ను లాగి, ఉన్న పొడంతా కొట్టేశాడు.

"అమ్మో! ఎవడ్రా అది!"

తలుపుల వెనక నుంచి దగ్గుకుంటూ ఓ ఆకారం లేచింది. నీళ్ళలో తడిసి, పొడి అంటుకుని, సున్నం కొట్టిన గోడలా ఉంది. మెడలో టై. వెనక నేల మీద అట్టలు పరిచిన పడక, తలగడగా రెండు బూట్లు. రోజూ మధ్యాహ్నం ఇంజనీరుగారు చేసే 'సైటు తనిఖీ' ఇదన్నమాట.

తిట్టబోయిన ఇంజనీరు, నల్లగా కాలి నీళ్ళోడుతున్న థర్మోకోల్ని చూశాడు. ఆ మూలలోంచి బయటికి వచ్చే దారి ఒక్కటే. కాలింది ఆ దారి పక్కనే.

బాబాయి ఖాళీ సిలిండర్ పక్కన పెట్టాడు. ఇంజనీర్ని వెతుక్కుంటూ ఐదో అంతస్తుకి పోయి ఉంటే, అక్కడ ఖాళీ కుర్చీ ముందు నిలబడి ఉండేవాడు. ఇంటికెళ్ళి భార్యకి ఈ సంగతి ఏ మొహంతో చెప్పాలో తెలియలేదు.

ఇంజనీరు టై పిండుకుంటూ దగ్గరికొచ్చాడు. "బాబాయ్, ఇది రిజిస్టర్లో రాయకండి. నేనెక్కడున్నానని అడుగుతారు."

"రాయకపోతే నాకు గడి ఖాళీగా ఉంటుంది సార్. మీకు నన్ను గోడౌన్‌కి పంపడానికి అదే చాలుగా."

ఇంజనీరు పైకి వెళ్ళి రిజిస్టరు తనే తెచ్చాడు. తడి చేత్తో రాస్తుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. కారణం: పైపు కంతలో సంచులు. ఆర్పినవారు: బకెట్ బాబాయి. ప్రాణనష్టం: లేదు. ఆ 'లేదు' రాశాక పెన్ను ఆపి దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సాక్షి దగ్గర తన సంతకం పెట్టి, పక్కన 'తలుపుల వెనక నిద్రపోతున్నాను' అని రాశాడు.

"మేకులు ఇంకెవరైనా సాపు చేస్తారు లెండి" అన్నాడు. "మీ కాపలా గంటలో ఇంకా ఎంతసేపుంది?"

"మంట వచ్చాక లెక్క మొదటికొస్తుంది సార్. ఇంకో గంట. పైన ఒకరుండాలి, కింద ఒకరుండాలి. ఆ తెలివి నాకూ ఇవాళే వచ్చింది."

ఇంజనీరు పైకి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చాడు. ఆ గదిలో పైపుకి ఎదురుగా వేసుకుని, పళ్ళు టకటకా కొట్టుకుంటుండగా, కన్నార్పకుండా కూర్చున్నాడు.